పాత పేరును పలక మీద ఉండనివ్వండి

గౌరవనీయులైన న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ అధ్యక్షుల వారికి,

మీ పరిధిలోని రోడ్ల పేరు పలకల గురించి రాస్తున్నాను. నేను అడిగేవి ముఖ్యంగా రెండు. పేరు మారిన ప్రతి రోడ్డు మీదా, ఇప్పటి పేరు కింద, దాని పాత పేరేమిటో, ఆ మనిషి ఎవరో, ఎప్పుడు మార్చారో చిన్న అక్షరాల్లో రాయించండి. ఇక మీదట ఎవరినైనా గౌరవించదలిస్తే, ఉన్న పేరు కొట్టేసి ఆ చోట వాళ్లని కూర్చోబెట్టకుండా, పేరు లేని దారికో కొత్తగా వేసిన దారికో వాళ్ల పేరు పెట్టండి.

ఉద్యోగాల కోసం ఢిల్లీ వచ్చి ఇక్కడే స్థిరపడిపోయిన తెలుగు కుటుంబాల్లో మాది ఒకటి. ఈ లేఖను తెలుగులో అచ్చు వేయిస్తున్నాను. హిందీ ప్రతిని మీ కార్యాలయానికి విడిగా పంపుతున్నాను. తెలుగులో ఎందుకంటారా, మీరు తీసేసిన పేర్లలో చాలావాటి వెనక మా ప్రాంతపు చరిత్ర ఉంది. ఆ సంగతి మీ కౌన్సిల్లో ఎప్పుడైనా చర్చకు వచ్చిందో లేదో గానీ, మావాళ్లకి మాత్రం తెలుసుకునే దారి లేకుండా పోయింది.

ముందుగా ఈ నగరం ప్లాను గురించి చెప్పాలి. పేరు విలువ ఇక్కడ మిగతా ఊళ్లకంటే ఎందుకు ఎక్కువో దానివల్లే అర్థమవుతుంది. 1911 డిసెంబరు 12న ఐదో జార్జి ఢిల్లీ దర్బారులో రాజధానిని కలకత్తా నుంచి ఇక్కడికి మారుస్తున్నట్టు ప్రకటించాడు. కొత్త నగరానికి స్థలం చూసి ప్లాను గీయడానికి స్వింటన్, బ్రోడీ, లుటియన్స్‌లతో ఒక కమిటీ వచ్చింది. వాళ్లు గీసినదాంట్లో గళ్లు లేవు. సమబాహు త్రిభుజాలు, షడ్భుజాలు ఉన్నాయి. రోడ్లు అరవై డిగ్రీల దగ్గరో ముప్పై డిగ్రీల దగ్గరో కలుస్తాయి. నడుమ ఒక్కటే పెద్ద గీత: రైసినా గుట్ట మీది వైస్రాయి భవనం నుంచి ఇప్పటి ఇండియా గేటు దాకా. దాన్ని అడ్డంగా కోస్తూ క్వీన్స్‌వే, అంటే నేటి జనపథ్. పార్లమెంటు వీధిని కన్నాట్ ప్లేస్ దాటించి ఊహలో పొడిగిస్తే జామా మసీదు వైపు పోతుంది.

కాగితం మీద చూస్తే ఇంత అందమైన ప్లాను మన దేశంలో అరుదు. నేల మీద నడిచే కొత్తవాడికి మాత్రం దిక్కు తోచదు. ఒక్కో గోల్ చక్కర్ నుంచి ఐదారు రోడ్లు చీలిపోతాయి. ఏ రోడ్డు చూసినా అటూ ఇటూ ఒకే తీరు తెల్ల బంగళాలు, వాటి ముందు ప్రహరీలు, వాటి మీదికి వాలిన చెట్ల వరస. రెండుసార్లు కుడికి తిరిగితే వచ్చిన దారికి పక్క వీధిలోకి చేరతామని మనకి అలవాటైన లెక్క ఒకటి ఉంది. ఈ కోణాల్లో అది పనిచేయదు. అక్బర్ రోడ్డుకి చింతలు, జనపథ్‌కి తెల్లమద్దులు, అమృతా షేర్‌గిల్ మార్గ్‌కి రేల చెట్లు, ఇలా రోడ్డుకో జాతి నాటారు. చెట్టును బట్టి రోడ్డు పోల్చుకోవడం తెలిసినవాళ్లు ఎందరుంటారు? వాషింగ్టన్‌కి కూడా 1791లోనే వాలు అవెన్యూలతో ప్లాను గీశారు, కాని వాటి కింద అంకెల వీధులు, అక్షరాల వీధులు గళ్లుగా ఉన్నాయి. పదహారో వీధి ఎక్కడని అడిగితే కొత్తవాడైనా లెక్కపెట్టుకుంటూ పోగలడు. న్యూఢిల్లీలో లెక్కపెట్టడానికి ఏమీ లేదు, పేరొక్కటే ఆధారం. ఆ ఒక్క ఆధారాన్నీ మార్చేటప్పుడు ఎంత ఆలోచించాలో మీకు నేను చెప్పనక్కర్లేదు.

పేర్లు పెట్టినవాళ్లు కూడా ఊరికే పెట్టలేదు. వైస్రాయి ఇల్లు గుట్ట మీద. ఆయన కౌన్సిల్ సభ్యులు, పెద్ద దొరలు దాని దాపున. భారతీయ గుమాస్తాల క్వార్టర్లు దూరంగా, గోల్ మార్కెట్ వైపు. ఎవరు ఏ రోడ్డు మీద ఉంటే వారి హోదా అంత. రోడ్ల పేర్లలోనూ అలాంటి వరసే: నడిబొడ్డున కింగ్ ఎడ్వర్డ్, క్వీన్ విక్టోరియా, కింగ్ జార్జ్. వాటి చుట్టూ అశోకుడు, పృథ్వీరాజు, ఫిరోజ్ షా, తుగ్లక్, లోడీ, బాబరు, హుమాయూన్, అక్బరు, షాజహాన్, ఔరంగజేబు. ఆపైన యూరప్ నుంచి వచ్చినవాళ్లు: అల్బుకర్క్, డూప్లే, క్లైవ్, హేస్టింగ్స్, కార్న్‌వాలిస్, వెల్లస్లీ, డల్హౌసీ, కానింగ్, లిట్టన్, కర్జన్, హార్డింజ్. ఢిల్లీని ఏలిన చక్రవర్తుల వంశావళిలో తామే ఆఖరి వారసులమని రోడ్ల మీద రాసుకున్నారు. కాకతీయులు, కృష్ణదేవరాయలు, చోళులు ఆ వంశావళిలో కనపడరు. దక్షిణాది అంటే వాళ్ల దృష్టిలో గెలిచినవాడి పక్కనుంచి తప్ప లేనే లేదు.

ఇక నేల ఎవరిదో వాళ్ల పేర్లు రెండో మూడో మిగిలాయి. రైసినా అనే ఊరు లేచిపోయి, పేరు గుట్టకీ ఒక రోడ్డుకీ దక్కింది. మాల్చా రైతుల భూములు పోయి, చాణక్యపురిలో మాల్చా మార్గ్ అన్న పేరు నిలిచింది. రాజుల పలకలన్నిటికంటే ఈ రెండు పలకల ముందు ఆగినప్పుడు నా మనసు బరువెక్కుతుంది. మా అమరావతిలో ఇరవై తొమ్మిది ఊళ్ల రైతులు భూములిచ్చారు, రోడ్లకి ఇంకా ఈ-3, ఎన్-9 లాంటి గుర్తులే ఉన్నాయి; అక్కడ పేర్లు పెట్టే రోజున ఆ ఊళ్లు గుర్తుకు రావాలని కోరుకునేవాళ్లలో నేనొకణ్ణి. అది వేరే ప్రభుత్వానికి రాయవలసిన ఉత్తరం.

స్వాతంత్ర్యం వచ్చాక ఈ పేర్లను మార్చడం న్యాయమే. ఆ విషయంలో నాకు రెండో అభిప్రాయం లేదు. తనను ఓడించినవాడి పేరు చెప్పి తన ఇంటికి దారి చెప్పుకోవలసిన అవసరం స్వతంత్ర దేశ పౌరుడికి లేదు. మార్చినవాళ్లు కొన్నిచోట్ల ఎంతో బుద్ధితో మార్చారు కూడా. గాంధీజీ ప్రాణం విడిచిన బిర్లా హౌస్ ముందున్న అల్బుకర్క్ రోడ్డుకి ఏ మనిషి పేరూ పెట్టకుండా ఆ తేదీనే పేరుగా పెట్టారు, తీస్ జనవరీ మార్గ్. ఈ నగరంలో ఇంతకు మించిన పేరు మరొకటి లేదని నా నమ్మకం. యార్క్ రోడ్డు మోతీలాల్ నెహ్రూ మార్గ్ అయింది; తీన్‌మూర్తి భవన్‌కి మారక ముందు జవాహర్‌లాల్ నెహ్రూ ఆ యార్క్ రోడ్డు పదిహేడో నంబరు ఇంట్లోనే ఉండేవాడు. అదే మోతీలాల్ నెహ్రూ మార్గ్ తొమ్మిదో నంబరు మా పి.వి. నరసింహారావు గారి చివరి నివాసం.

మీకు ఒక చిన్న నడక చూపిస్తాను. మా ఊళ్ల నుంచి ఢిల్లీ వచ్చినవాళ్లు ముందు వెతుక్కునేది ఆంధ్రా భవన్ క్యాంటీను. అది అశోకా రోడ్డు మీద, ఇండియా గేటు షడ్భుజానికి ఆనుకుని ఉంది. పక్కనే ఏడో నిజాం కోసం లుటియన్స్ గీసిన హైదరాబాద్ హౌస్. భోజనం చేసి, పప్పూ గోంగూరా రుచి నోట్లో ఉండగానే, గేటు చుట్టూ గడియారం తిరిగే దిక్కుగా నడవండి.

మొదట తగిలేది కస్తూర్బా గాంధీ మార్గ్. దీని పాత పేరు కర్జన్ రోడ్. 1905లో బెంగాల్‌ని చీల్చిన కర్జనే ఆయన. ఆ చీలిక మంట గోదావరి దాకా పాకింది. 1907లో బిపిన్ చంద్ర పాల్ రాజమహేంద్రవరం, మచిలీపట్నం వచ్చి మాట్లాడితే తెలుగు కుర్రకారు చదువులు వదులుకుని మరీ వందేమాతరం అన్నది. మా దగ్గర జాతీయోద్యమానికి తొలి ఊపు అదే.

తరవాతది కోపర్నికస్ మార్గ్. కమానీ ఆడిటోరియం, దూరదర్శన్ భవన్ ఉన్న రోడ్డు. దీని పాత పేరు లిట్టన్ రోడ్. ఈ ఒక్క పేరు దగ్గర కాస్త ఆగాలి. 1877 జనవరి 1న ఢిల్లీలో దర్బారు పెట్టి విక్టోరియాను భారత సామ్రాజ్ఞిగా ప్రకటించిన వైస్రాయి లిట్టన్. సరిగ్గా ఆ నెలల్లోనే మద్రాసు ప్రెసిడెన్సీలో, మా కర్నూలు, కడప, బళ్లారి జిల్లాల్లో జనం ఆకలితో పిట్టల్లా రాలిపోతున్నారు. మేము దాన్ని ధాత కరువు అంటాం. ధాత నామ సంవత్సరంలో మొదలైంది గనక ఆ పేరు. కరువు పనుల ఖర్చు తగ్గించమని లిట్టన్ పంపిన రిచర్డ్ టెంపుల్ వచ్చి, రోజంతా రాళ్లు కొట్టినవాడికిచ్చే కూలిగింజలు కూడా కోసేశాడు. రాయలసీమలో ఆ కరువు మాట ఇప్పటికీ ముసలివాళ్ల నోళ్లలో ఉంది. ఆ జిల్లాల నుంచి వచ్చిన మనిషి ఎవరైనా కోపర్నికస్ మార్గ్ పలక కింద నిలబడి తన ఊళ్లు ఖాళీ అయిన కాలానికి తాను ఎంత దగ్గరలో ఉన్నాడో తెలుసుకునే అవకాశం ఉందా? పోలండ్ ఖగోళ శాస్త్రజ్ఞుడి మీద నాకెంతో గౌరవం. ఆయన పేరు ఆ రోడ్డుకి ఉండనివ్వండి. కింద ఒక్క వరసలో లిట్టన్ పేరూ, ఆయన కాలం 1876 నుంచి 1880 అనీ ఉంటే చాలు. చదివినవాడు మిగతాది వెతుక్కుంటాడు.

ఆ పక్కది తిలక్ మార్గ్, పాత హార్డింజ్ అవెన్యూ. రాజధానిని ఇక్కడికి తెచ్చిన వైస్రాయి ఈయనే. ఈయన హయాంలోనే, 1912లో, బీహారు, ఒరిస్సాలు బెంగాల్ నుంచి విడిపోయి వేరే రాష్ట్రమయ్యాయి. ఆ మరుసటి ఏడాది బాపట్లలో తొలి ఆంధ్ర మహాసభ జరిగింది. మన రాష్ట్రం అన్న ఆలోచనకి పునాది పడ్డ సభ అది.

ఇంకా ముందుకు వెళితే జాకిర్ హుస్సేన్ మార్గ్. పాత పేరు వెల్లస్లీ రోడ్. 1798లో నిజాం చేత సైన్య సహకార ఒప్పందం రాయించుకుని, 1800లో ఆ సైన్యం ఖర్చు కింద రాయలసీమ జిల్లాలను కంపెనీకి రాయించుకున్న గవర్నర్ జనరల్ వెల్లస్లీ. దత్త మండలాలన్న పేరు మా సీమకి అప్పుడే వచ్చింది. ఆ పేరు నచ్చక, చాలా కాలం తరవాత 1928లో రాయలసీమ అని పెట్టుకున్నాం. మరి ఆ రోడ్డు మీదికి వచ్చిన జాకిర్ హుస్సేన్ గారు పుట్టింది ఎక్కడ? హైదరాబాద్‌లో, 1897లో. నిజాం మెడలు వంచినవాడి చోటులోకి నిజాం రాజధానిలో పుట్టిన రాష్ట్రపతి వచ్చాడు. ఎంత గొప్ప సంగతి! ఈ సంగతి పలక మీద ఎక్కడుంది?

ఒక్క షడ్భుజం చుట్టూ పావుగంట నడకలో ఇంత ఉంది. తమిళుల కళ్లతో, బెంగాలీల కళ్లతో, పంజాబీల కళ్లతో నడిస్తే ఇంకెంత ఉంటుందో!

సౌత్ బ్లాకుకి దక్షిణాన ఉన్న త్యాగరాజ మార్గ్ సంగతి ఇంతకంటే హృదయానికి దగ్గరది. తెలుగులో పాడుకున్న త్యాగయ్య పేరు దేశ రాజధానిలో ఒక రోడ్డుకి ఉందంటే మాకెంత సంతోషమో మీరు ఊహించగలరు. ఆ రోడ్డు పూర్వం క్లైవ్ రోడ్ అని తెలిసిన రోజున ఆ సంతోషం నాకు నాలుగింతలైంది. 1749లో యువ క్లైవ్ తంజావూరు రాజ్యం మీద కంపెనీ చేసిన దాడిలో దేవికోట దగ్గర పోరాడాడు. 1758లో బెంగాల్ నుంచి ఫోర్డ్ అనే సేనానిని మా కోస్తాకి పంపింది క్లైవే. చందుర్తి యుద్ధంలో ఫ్రెంచివాళ్లు ఓడారు, కొద్ది నెలలకే మచిలీపట్నం పోయింది. 1765లో మొగలు పాదుషా షా ఆలం చేత ఉత్తర సర్కారుల ఫర్మానా రాయించుకున్నది కూడా క్లైవే. శ్రీకాకుళం నుంచి గుంటూరు దాకా మా నేల కంపెనీ చేతికి చిక్కడానికి దారి వేసిన కాగితం అది. ఆ తరవాత రెండేళ్లకి, 1767లో, ఆ తంజావూరు రాజ్యంలోనే తిరువారూరులో త్యాగరాజు పుట్టాడు. ఆయన ఏ కోటా పట్టలేదు, ఏ ఫర్మానా రాయించుకోలేదు, రాజు పిలిచినా కొలువుకి పోలేదు. రెండు వందల ఏళ్ల తరవాత క్లైవ్ రోడ్డు త్యాగరాజ మార్గ్ అయింది.

ఇంతటి మార్పును మనం దాచిపెట్టుకున్నాం. క్లైవ్ పేరు పూర్తిగా చెరిపేయడంతో, త్యాగయ్య ఎవరి చోటులోకి వచ్చాడో ఆ గౌరవం కూడా చెరిగిపోయింది. ఆ రోడ్డు మీద రోజూ కార్లలో తిరిగే అధికారులకి అది ఎవరో సంగీతకారుడి పేరున్న దారి, అంతే. క్లైవ్ పేరు కింద సన్నగా కనపడుతూ ఉంటేనే గదా త్యాగరాజు పేరు ఎంత ఎత్తున ఉందో తెలిసేది.

అదొక్కటే కాదు. దక్షిణాన ఫ్రెంచి సామ్రాజ్యం కట్టాలని చూసిన డూప్లే రోడ్డుకి కామరాజ్ పేరు వచ్చింది. టిప్పు మీద యుద్ధం చేసి సగం రాజ్యం లాక్కున్న కార్న్‌వాలిస్ రోడ్డుకి సుబ్రహ్మణ్య భారతి పేరు వచ్చింది. హేస్టింగ్స్ రోడ్డు కృష్ణ మీనన్ మార్గ్ అయింది. దక్షిణాదిని కొల్లగొట్టినవాళ్ల చోట్లలోకి దక్షిణాది కవులూ గాయకులూ నాయకులూ వచ్చారు. ఏ తీర్మానాల మీద ఏ ఆలోచనతో జరిగినా, వరసగా పెట్టి చూస్తే అది ఒక కావ్యంలా ఉంది. ఆ వరస చూడాలంటే పాత పేర్లు పక్కన ఉండాలి.

2015 నుంచి జరిగిన మార్పుల గురించి కూడా దాపరికం లేకుండా చెప్పాలి. 2015లో ఔరంగజేబ్ రోడ్డు ఏ.పి.జె. అబ్దుల్ కలాం రోడ్డు అయింది. 2016లో రేస్‌కోర్స్ రోడ్డు లోక్ కల్యాణ్ మార్గ్ అయింది. 2017లో డల్హౌసీ రోడ్డు దారా షికో రోడ్డు, 2018లో తీన్‌మూర్తి చౌక్ తీన్‌మూర్తి హైఫా చౌక్, 2022లో రాజ్‌పథ్ కర్తవ్య పథ్, 2023లో ఔరంగజేబ్ లేన్ కూడా కలాం గారి పేరిట లేన్. ఔరంగజేబు 1687లో గోల్కొండను పట్టుకుని తానీషాను బందీగా దౌలతాబాద్ తరలించాడు. ఆయన పేరు పోయిందని తెలుగువాడిగా నాకు బెంగ లేదు. కలాం గారి పేరు చెబితే లేచి నిలబడే తరం మాది. ఆయన రాష్ట్రపతి పదవి దిగాక ఉన్నది రాజాజీ మార్గ్ పదో నంబరు ఇంట్లో. అంతటి మనిషికి తనదంటూ ఒక కొత్త దారి దక్కాలి గాని, ఇంకొకడి పేరు గీరేసిన చోటు కాదు. దారా షికో పేరు రావడం నాకెంతో నచ్చింది. 1659లో దారాను చంపించిన తమ్ముడు ఔరంగజేబు పలక మాత్రం అప్పటికి రెండేళ్ల కిందటే పోయింది. ఉపనిషత్తుల్ని పారసీలోకి తెప్పించిన అన్న, అతణ్ణి చంపిన తమ్ముడు, ఇద్దరి పేర్లూ ఒకే నగరంలో కనపడుతుంటే బడిపిల్లలు తప్పకుండా అడిగేవాళ్లు, మాస్టారూ, వీళ్లిద్దరూ ఎవరండీ అని.

1975లోనే కేంద్ర హోంశాఖ ఈ విషయం మీద లేఖ జారీ చేసింది. వీధుల పేర్లు మార్చడం తపాలా శాఖకీ జనానికీ తికమక తెస్తుందని, జనానికి చరిత్రతో ఉన్న సంబంధం తెంపుతుందని, గొప్పవాళ్ల పేర్లు కొత్త వీధులకే పెట్టాలని దాని సారాంశం. అది ఇవాళ్టికీ మంచి మాటే. మీకు 1994 నాటి న్యూఢిల్లీ మున్సిపల్ కౌన్సిల్ చట్టంలోని 231వ సెక్షన్ వీధులకి పేర్లు పెట్టే అధికారం ఇచ్చింది. ఆ అధికారాన్ని హోంశాఖ చెప్పిన ఆ హద్దులో వాడమని ప్రార్థన.

పలకల గురించి ఆచరణలో వచ్చే ఇబ్బందులు ఊహించగలను. మీ పలకల మీద ఇప్పటికే నాలుగు లిపులు ఉన్నాయి: దేవనాగరి, రోమన్, గురుముఖి, ఉర్దూ. చోటు లేదంటారు. పారిస్ వీధి పలకలు చూడండి, పేరు కింద ఆ మనిషి పుట్టిన, పోయిన సంవత్సరాలు, ఏం చేశాడో రెండు మాటల్లో రాస్తారు. జర్మనీ ఊళ్లలో పేరు పలక కింద చిన్న వివరణ పలక వేరే బిగిస్తారు. పేరు మారినప్పుడు పాత పలకను ఎర్ర గీతతో కొట్టి కొంతకాలం కొత్తదాని పక్కనే ఉంచుతారు. పెద్ద పలకను ముట్టుకోనక్కర్లేదు, అదే స్తంభానికి కింద జానెడు రేకు చాలు. క్యూఆర్ కోడ్ అతికిస్తే సరిపోతుంది కదా అని ఎవరైనా సలహా ఇస్తే దయచేసి ఒప్పుకోకండి. ఫోన్ తీసి చూసేవాడు ముందే తెలుసుకోవాలనుకున్నవాడు. ఏమీ అనుకోకుండా బస్సు కోసం నిలబడ్డవాడి కంట కూడా పడాలి, పలక ఉన్నది అందుకు.

పాత పేరు రాస్తే జనం పాత పేరే వాడతారన్న భయం కూడా అక్కర్లేదు. 1995లో కన్నాట్ ప్లేస్‌కి రాజీవ్ చౌక్ అని, బయటి వలయానికి ఇందిరా చౌక్ అని పేర్లు పెట్టారు. ముప్పై ఏళ్లు దాటాయి; ఆటో అతనితో ఇప్పటికీ అందరూ సీపీ అనే అంటారు. అదే మెట్రో స్టేషను దగ్గరికి వచ్చేసరికి రాజీవ్ చౌక్ అందరి నోటా పలుకుతోంది, ఎందుకంటే రైల్లో రోజూ ఆ పేరే వినిపిస్తుంది. తీర్మానం చేసినంత మాత్రాన పేరు నిలవదు, చెరిపేసినంత మాత్రాన పోదు. జనం నోట్లో ఆడినంత కాలం ఉంటుంది. తెలుగు పత్రికలు చదివేవాళ్లకి టెన్ జనపథ్, సెవెన్ రేస్‌కోర్స్ రోడ్, ట్వంటీఫోర్ అక్బర్ రోడ్ అనేవి చిరునామాలు కావు, ఒక్కో కాలపు రాజకీయమే. రేస్‌కోర్స్ రోడ్ ఏదని రేపు ఒక విద్యార్థి పాత పత్రిక చేతిలో పట్టుకుని వస్తే, వాడికి జవాబు నేల మీద దొరకాలి.

పాత ఉత్తరాల చిరునామాలు, పింఛను కాగితాలు, కోర్టు దస్తావేజులు, గాంధీజీ చివరి నెలల రికార్డులు, వీటన్నిట్లో ఉన్నవి పాత పేర్లే. అల్బుకర్క్ రోడ్ కోసం నేటి పటంలో వెతికేవాడికి అది దొరకదు. అందుకని పలకలతోపాటు మరొకటి అడుగుతాను. మీ పరిధిలో పేరు మారిన రోడ్లన్నిటి జాబితా, తీర్మానం తేదీతో, మార్చడానికి రాసిన కారణంతో, ఒక చిన్న పుస్తకంగా అచ్చు వేయించి బడులకీ గ్రంథాలయాలకీ పంపించండి. రికార్డులన్నీ మీ దగ్గరే ఉన్నాయి, ఆ పని ఇంకెవరూ చేయలేరు. మీ కౌన్సిల్‌కి నేరుగా ఎన్నికైన కౌన్సిలర్లు ఉండరు. అందుకే పేర్ల విషయంలో జనం మాట వినడానికి ప్రత్యేకంగా గడువు పెట్టడం మరీ అవసరం. పేరు ప్రతిపాదన వచ్చినప్పుడు ముందుగా నోటీసు అంటించి, ఆ రోడ్డు మీద ఉండేవాళ్ల, పనిచేసేవాళ్ల, దుకాణాలవాళ్ల అభిప్రాయాలు రాతపూర్వకంగా తీసుకున్నాకే తీర్మానానికి పెట్టండి.

కొత్త పేర్లు కావలసినప్పుడు చోట్లు లేక కాదు. అంకెలతోనో, ఏ పేరూ లేకుండానో ఉన్న సర్వీసు లేన్లు, గోల్ చక్కర్లు, పార్కుల మధ్య దారులు ఎన్నో ఉన్నాయి. ఈ నగరాన్ని చేతులతో కట్టినవాళ్లలో రాజస్థాన్ నుంచి కుటుంబాలతో వచ్చిన బాగడీ కూలీలు ఉన్నారు. కాంట్రాక్టరు శోభా సింగ్ తండ్రి పేరు సుజాన్ సింగ్ పార్కుకి ఉంది. రాళ్లు మోసిన ఆ కూలీల పేరు ఎక్కడా లేదు. ఒక దారి వాళ్లకి ఇవ్వండి. ఆడవాళ్ల పేర్లు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే ఉన్నాయి. రాజ్యాంగ సభలో కూర్చున్న దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారు ఢిల్లీ తెలుగు పిల్లల కోసం 1948లో ఆంధ్రా ఎడ్యుకేషన్ సొసైటీని స్థాపించారు. పింక్ లైనులో ఒక మెట్రో స్టేషనుకి ఆవిడ పేరు పెట్టారు, సంతోషం. రాజ్యాంగం రాసిన భవనానికి దగ్గర్లో పేరు లేని దారి ఒకటి ఉంటే, అది ఆవిడకి తగును.

పలక మీద ఏం రాయాలో ఒక నమూనా కూడా పెడుతున్నాను. "త్యాగరాజ మార్గ్. త్యాగరాజు, 1767–1847, వాగ్గేయకారుడు, కీర్తనలు తెలుగులో. పూర్వం క్లైవ్ రోడ్. రాబర్ట్ క్లైవ్, 1725–1774, ఈస్టిండియా కంపెనీ బెంగాల్ గవర్నర్." అంతే. పొగడ్త వద్దు, తిట్టు వద్దు. మార్చిన సంవత్సరం మీ రికార్డుల్లోంచి తీసి చేర్చండి.

అన్ని రోడ్లకీ ఒకేసారి బిగించడం ఖర్చనుకుంటే ఇండియా గేటు షడ్భుజంతో మొదలుపెట్టండి. అందులోనూ మొదటిది కోపర్నికస్ మార్గ్ కావాలని నా విన్నపం. రాతలో ఒక తేదీ గానీ పేరు గానీ తప్పు పోకుండా చూసిపెట్టగల చరిత్ర అధ్యాపకులు ఈ నగరంలోని విశ్వవిద్యాలయాల్లో ఉన్నారు, వాళ్లలో తెలుగువాళ్లూ ఉన్నారు. మీరు కబురు పెడితే వస్తారు.

ఇట్లు,
ఢిల్లీలో స్థిరపడిన ఒక తెలుగు పౌరుడు